గాలిగోపురం గుడి కాదు సామీ: గే ప్రేమకథలు చదవాలనుకునేవాళ్లకు

[కిటికీ పక్కన కుర్చీ, వెనకాల దూరంగా కొండ. బల్ల మీద అయిదారు పుస్తకాలు.]

నమస్తే. ఈ వీడియోకి కారణం మా బావ. పోయిన నెల చిత్తూరు వెళ్తూ బస్సులో చదువుకుందామని ఒక పుస్తకం పెట్టుకున్నా, వాళ్లింట్లో సోఫా మీద పడేశా. బావ దాన్ని తిప్పి వెనక అట్ట చదివి, "ఇద్దరు మగపిల్లోళ్లు, ఇద్దరికీ ప్రేమ, లాస్టుకు కలుస్తారు, అంతేగా. ముందే తెలిసిపోతే ఇంక చదివేదేముందప్పా?" అన్నాడు.

మగపిల్లలు అన్నందుకు కాదు నాకు కాలింది. నిజానికి ఆ విషయం గురించి ఆయన కిక్కురుమనలేదు, అది నాకే ఆశ్చర్యం. ‘ముందే తెలిసిపోతే చదివేదేముంది’ అన్నాడు చూడండి, అదీ. ఎందుకంటే ఈ మాటన్నది రెండు నెలలకోసారి అలిపిరి నుంచి నడిచి తిరుమల కొండెక్కే మనిషి. 3,550 మెట్లు. పైన ఏముందో ఆయనకు తెలియదా? దారిలో ఎవరైనా ఆపి, "సామీ, పైన గుడి ఉంటుంది, తెలుసు కదా, మరి ఎందుకు ఎక్కడం?" అని అడిగితే ఏమంటాడు?

రొమాన్స్ అంటే అదే. ఇంగ్లిష్ పుస్తకాల వ్యాపారంలో ఈ మాటకు ఒక ఒప్పందం ఉంది. కథకు ప్రేమే నడుమెముక కావాలి, చివర ఆ ఇద్దరూ సంతోషంగానో, కనీసం ఆశతోనో మిగలాలి. అంటే పైకి చేరుస్తానని రచయిత అలిపిరి దగ్గరే మాటిస్తాడు. ఆ లెక్కన దేవదాసు ప్రేమకథే గానీ రొమాన్స్ కాదు. మన దగ్గర తంటా ఏమిటంటే, రొమాన్స్ అనే మాటను సినిమావాళ్లు పాడు చేశారు. రొమాన్స్ అనగానే పడగ్గది సీను అనుకుంటాం, దాని ముందు ‘గే’ అని చేరిస్తే ఇంక పుస్తకం దిండు కింద దాచేదే అని నిర్ణయించేస్తాం. నేను ఇక్కడ పెట్టిన వాటిలో ఎక్కువ పుస్తకాలు పదో తరగతి పిల్లలు చదువుకోగలిగినవి. ఒక్కటి మాత్రం కాదు, దాని దగ్గరికి వచ్చినప్పుడు చెప్తా.

ఇంకో ముక్క, ఇది కూడా బావ అడిగిందే. మన గంగమ్మ జాతరలో మగవాళ్లు చీర కట్టి, జడ వేసుకుని వేషం వేస్తారు కదా, అలాంటి వాళ్ల గురించేనా ఈ కథలు అని. కాదు. అది మొక్కు. వేషం తీసేసి ఇంటికెళ్లి అన్నం తింటారు. గే అంటే మగవాడికి మగవాడి మీద ప్రేమ కలగడం, కట్టుకునే బట్టతో దానికి పని లేదు. సరే, ముందుకెళ్దాం.

ఇప్పుడు అసలు సంగతి. చివరికి కలుస్తారని తెలిసిపోవడం మామూలు ప్రేమకథకు పాత ముచ్చటే. కానీ ఇద్దరు మగవాళ్ల కథకు అది చాలాకాలం దొరకని వస్తువు. ఎం.ఎ. ఇంగ్లిష్ చదివినవాళ్లకు ఇ.ఎం. ఫోర్‌స్టర్ తెలుసు, ‘ఎ ప్యాసేజ్ టు ఇండియా’ రాసినాయన. ఆయన 1913, 14 సంవత్సరాల్లో ‘మారిస్’ అని ఒక నవల రాశాడు. ఇద్దరు మగవాళ్లు ప్రేమించుకుంటారు, చివరికి కలిసే బతుకుతారు. రాసి దాచేశాడు. ఆయన 1970లో చనిపోయాక 1971లో అది అచ్చయింది. అంటే సుమారు 57 ఏళ్లు. ఆ నవల చివర తర్వాతెప్పుడో చేర్చిన వ్యాఖ్యలో ఆయన చెప్పినదాని సారాంశం ఏమిటంటే, కుర్రాడు ఉరికి వేలాడినట్టో, ఇద్దరూ కలిసి చచ్చినట్టో ముగిస్తే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు, సుఖంగా ముగించడమే నేరమైంది అని. ఆయన మాత్రం పట్టు వదల్లేదు, సుఖాంతం ఉండి తీరాల్సిందే అన్నాడు. మగవాళ్ల మధ్య సంబంధం నేరమనే చట్టం ఇంగ్లండ్‌లో మారింది 1967లో. అదే తెల్లదొరలు 1860లో మనకు రాసిపెట్టి పోయిన 377 సెక్షన్ పెద్దవాళ్ల ఇష్టపూర్వక సంబంధాలకు వర్తించదని మన సుప్రీంకోర్టు చెప్పింది 2018 సెప్టెంబరు 6న.

మెట్ల లెక్కలో చెప్పాలంటే, అందరినీ కొండ ఎక్కనిచ్చి, ఈ ఇద్దరిని మాత్రం సగం దారిలో లోయలోకి తోసేసేవాళ్లు. ఒకసారి కాదు, ప్రతిసారీ. అలా చదివీ చదివీ, అలాంటి ప్రేమ అంటేనే చావు అని పాఠకుడికి ఎక్కిపోయింది. అందులో కొన్ని గొప్ప నవలలు ఉండొచ్చు, కాదనను. కానీ పదిహేనేళ్ల పిల్లవాడికి చేతిలో పెట్టడానికి ప్రతిదీ చావే అయితే ఎలా?

పిల్లల కోసం అంటే గుర్తొచ్చింది. టీనేజర్ల కోసం రాసిన తొలి గే నవల అని అమెరికాలో ఒకదాన్ని చెప్పుకుంటారు, జాన్ డోనొవన్ రాసింది, 1969. అందులో పిల్లలిద్దరూ బతుకుతారు. కుక్క చచ్చిపోతుంది! ఆ పిల్లాడు తన తప్పు వల్లే పోయిందని కుమిలిపోతాడు. ఎవరో ఒకరిని బలివ్వందే అప్పట్లో కుదరలేదన్నమాట. దాని పేరు మాత్రం చూడండి, ‘ఐల్ గెట్ దేర్. ఇట్ బెటర్ బి వర్త్ ద ట్రిప్’. చేరుకుంటాలే, ఇంత కష్టపడి ఎక్కాక అక్కడ దానికి తగ్గదేదైనా ఉండాలి మరి అని. నడక దారిలో చివర్లో వచ్చే నిట్టనిలువు మెట్లు, మోకాళ్ల పర్వతం దగ్గర కూర్చుని ఆయాసపడే ప్రతివాడూ అనే మాటే.

[కెమెరాను కిటికీ వైపు తిప్పాలి. కొండ.]

ఇది చూడండి. రాత్రి పూట తిరుపతిలో ఎక్కడ నిలబడ్డా కొండ మీద లైట్లతో గాలిగోపురం కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు దాన్నే గుడి అనుకుని కింది నుంచే దండం పెట్టేస్తారు. నడిచి వెళ్లినవాళ్లకు తెలుసు, నిట్టనిలువు మెట్లన్నీ ఎక్కి అక్కడికి చేరి, ‘అమ్మయ్య’ అని మజ్జిగ తాగేసరికి పక్కనుంచి ఎవరో "ఇంకా చాలా దూరం ఉంది సామీ" అంటారు.

గే పిల్లల కథల్లో ఆ గాలిగోపురం పేరు కమింగ్ అవుట్. అంటే ఇంట్లోవాళ్లకో స్నేహితులకో తన సంగతి తానే చెప్పుకోవడం. ఒక దశలో వచ్చిన నవలలన్నీ అక్కడికే ఎక్కించి ఆపేసేవి. చెప్పేశాడు, అమ్మ ఏడ్చింది, నాన్న మాట్లాడలేదు, తర్వాత కౌగిలించుకున్నాడు, అయిపోయింది. అంటే ఆ పిల్లాడి జీవితమంతా పక్కవాళ్లకు విషయం చెప్పడానికే పుట్టినట్టు! మరి ఆ తర్వాత? సినిమాకు వెళ్లరా, పోట్లాడుకోరా, వాడికి పరీక్షల టెన్షన్ ఉండదా? కొత్త పుస్తకాల్లో నాకు నచ్చేది ఇదే, అవి గాలిగోపురం దాటి నడుస్తాయి.

ఉదాహరణకు బావ చేతిలో పడ్డ పుస్తకమే. ‘హార్ట్‌స్టాపర్’, రాసి బొమ్మలు గీసింది ఆలిస్ ఓస్మన్. 2016లో ఇంటర్నెట్‌లో కామిక్‌గా మొదలై, 2018లో చదివేవాళ్లు వేసుకున్న చందాలతో మొదటి భాగం పుస్తకమైంది, 2022లో నెట్‌ఫ్లిక్స్ సిరీస్ వచ్చింది. సిరీస్ చూసేశాం అంటారా, సరే, పుస్తకం వేరు. చార్లీ, నిక్ ఇంగ్లండ్‌లో ఒక మగపిల్లల బడిలో చదువుతుంటారు. టీచరు ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెడతారు. ఒకడు రగ్బీ ఆటగాడు, ఒకడు బక్కపల్చని వాడు, కానీ బాగా పరిగెత్తుతాడు. అంతే కథ.

ఒక్క పేజీ చెప్తా. చార్లీ సోఫాలో నిద్రపోతుంటాడు. నిక్ పక్కన కూర్చుని ఉంటాడు. నిక్ చెయ్యి మెల్లగా చార్లీ చెయ్యి దగ్గరికి వెళ్లి, తాకకుండా, పైన గాల్లో ఆగిపోతుంది. మాటలు లేవు. అదే నవలలో రాస్తే రెండు పేజీల వేదన అయ్యేది, ఇక్కడ ఉత్త చెయ్యి. ఆ పేజీ దగ్గర నేను కాసేపు ఆగిపోయా, బస్సు పాకాల దాటిపోయింది, చూసుకోలేదు. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిష్ నవల అంటే జంకే వాళ్లు ధైర్యంగా దీనితోనే మొదలుపెట్టొచ్చు, మాటలు తక్కువ, ఉన్నవి కూడా పిల్లల చాటింగ్ భాష.

ఇప్పుడు మెట్లు లెక్కపెట్టండి. నిక్ వాళ్లమ్మకు చెప్పేది రెండో భాగం చివర. అది గాలిగోపురం. ఆ తర్వాత ఇంకా భాగాలు ఉన్నాయి, అయిదోది 2023లో వచ్చింది. మూడులో పారిస్ ట్రిప్పు. నాలుగులో చార్లీ అన్నం తినలేని జబ్బుతో ఆస్పత్రి దాకా వెళ్తాడు, అది మోకాళ్ల పర్వతం, నిజంగా మోకాళ్ల మీద పాకుతున్నట్టే ఉంటుంది. ప్రేమిస్తే జబ్బు నయమవుతుందని రచయిత అబద్ధం చెప్పదు, డాక్టరు కావాలి అంటుంది. నాకు ఆమె మీద గౌరవం కలిగింది అక్కడే.

రెండోది, నా మనసుకు దగ్గరిది, బెంజమిన్ ఆలిరే సాయెన్స్ 2012లో రాసిన ‘అరిస్టాటిల్ అండ్ డాంటే డిస్కవర్ ద సీక్రెట్స్ ఆఫ్ ద యూనివర్స్’. పేరు చూసి బెదిరిపోకండి, అవి ఇద్దరు పిల్లల పేర్లు. 1987 వేసవి, అమెరికాలో మెక్సికో సరిహద్దు ఊరు ఎల్‌పాసో, స్విమ్మింగ్ పూల్. అరికి ఈత రాదు, డాంటే నేర్పిస్తానంటాడు. చిన్న చిన్న అధ్యాయాలు. నన్ను పట్టేసింది మాత్రం ప్రేమ కాదు, ఇల్లు. అరి అన్న జైల్లో ఉంటాడు, ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తరు. నాన్న వియత్నాం యుద్ధం నుంచి వచ్చి నోరు విప్పడు. అందరూ ఒకే బల్ల దగ్గర తింటారు, ఒక్కరూ అసలు విషయం మాట్లాడరు. చెప్పండి, ఇది ఎల్‌పాసోనా, చిత్తూరు గ్రీమ్స్‌పేటా? దీనికి 2021లో రెండో పుస్తకం వచ్చింది. మళ్లీ అదే, గాలిగోపురం తర్వాతి దారి.

[ఫోన్ చార్జింగ్ 9 శాతం. కరెంటు ఇంకా రాలేదు.]

త్వరగా వెళ్తాను. బెకీ ఆల్బర్టాలి 2015లో రాసిన సైమన్ కథ, ‘లవ్, సైమన్’ సినిమా దాన్నుంచి వచ్చిందే. బడి లైబ్రరీ కంప్యూటర్‌లో మెయిల్ మూయకుండా లేచిపోతాడు పిల్లాడు, ఇంకొకడు చూసి బెదిరించడం మొదలుపెడతాడు. మన విషయం మనం చెప్పడానికీ, పక్కవాడు బయటపెట్టడానికీ మధ్య ఎంత తేడా ఉందో తెలియాలంటే అది చదవండి. కేసీ మెక్విస్టన్ ‘రెడ్, వైట్ అండ్ రాయల్ బ్లూ’, 2019, అమెరికా అధ్యక్షురాలి కొడుకు, ఇంగ్లండ్ రాకుమారుడు, పెళ్లిలో పెద్ద కేకు మీద ఇద్దరూ పడటంతో మొదలవుతుంది. ఇందాక ‘ఒక్కటి మాత్రం కాదు’ అన్నది దీన్నే, పెద్దవాళ్లకు మాత్రమే, పిల్లలకు ఇవ్వకండి. నాకు మధ్యలో రాజకీయం బోరు కొట్టింది కానీ ఆ ఇద్దరు రాసుకునే ఈమెయిళ్ల కోసం భరించా.

మన పక్క నుంచి ఒకటి తప్పకుండా చెప్పాలి. వసుధేంద్ర, బళ్లారి జిల్లా సండూరు మనిషి, కన్నడంలో 2013లో ‘మోహనస్వామి’ కథలు వేశాడు, 2016లో ఇంగ్లిష్‌లో వచ్చింది. ఇది రొమాన్స్ కాదు, ఒప్పందం ఏమీ లేదు, మొదటి కథలోనే ప్రేమించినవాడు పెళ్లికి సిద్ధమై పోతాడు. కష్టంగా ఉంటుంది. కానీ కుక్కర్ విజిళ్లు, అద్దె గది, పెళ్లి సంబంధాలు, ఇవి ఇంగ్లండ్ పుస్తకంలో దొరకవు కదా.

తెలుగులో నాకు కావలసింది ఒకటుంది, ఎవరైనా రాయండి. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీ, ఉదయం అయిదుకు స్టడీ అవర్, పక్కపక్క మంచాలు, ఎంట్రన్స్ మాక్ టెస్టులు. ఒకడు ఇంకొకడి రికార్డు రాసిపెడతాడు. కలవాలి వాళ్లు, పైకి చేరాలి. కల్యాణ మండపంలో ముగించడానికి లేదు, అలాంటి పెళ్లికి గుర్తింపు ఇవ్వలేమని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పేసింది. కాబట్టి ఆఖరి మెట్టు ఎలా ఉంటుందో రాసేవాళ్లే కనిపెట్టాలి, అది నాకు ఇంకా ఆసక్తి.

4 శాతం. బావ సంగతి చెప్పి ఆపేస్తా. ఆ రోజు మొదటి భాగం వాళ్లింట్లోనే మర్చిపోయి వచ్చా. నిన్న రాత్రి పదకొండింటికి ఫోన్. మొదటి భాగం చివర పార్టీలో ముద్దు పెట్టుకున్నాక నిక్ చార్లీని అక్కడే వదిలి వెళ్లిపోతాడు. "వాడెందుకప్పా అట్ల పరిగెత్తి పోయినాడు?" అంటాడు బావ, హలో కూడా అనకుండా. రెండో భాగం నా దగ్గరుంది, ఆదివారం కొండకు నడుస్తున్నాడట, దిగేటప్పుడు వచ్చి తీసుకుంటానన్నాడు. అది వానతో మొదలవుతుందని మాత్రం నేను చెప్ప