వందో ఏడా, వందేళ్లా? పిల్లర్ నంబర్లతో జయంతుల లెక్క

నమస్తే అండి. వెనకాల హారన్లు వినిపిస్తున్నాయా? కావాలనే ఇక్కడికొచ్చాను. అత్తాపూర్, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద. పాటల వీడియో అని చెప్పి ఫ్లైఓవర్ కింద నిలబడ్డాడేంటి అనుకోకండి, ఈ పిల్లర్లతో పనుంది.

ముందు నా బాధ వినండి. 2021 డిసెంబర్‌లో మా కాలనీలో ఘంటసాల గారి పాటల కార్యక్రమం పెట్టారు. స్టేజీ వెనక ఫ్లెక్సీ మీద ‘100వ జయంతి’. ఏడాది తిరిగింది. 2022 డిసెంబర్, మళ్లీ కార్యక్రమం, మళ్లీ ‘100వ జయంతి’. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఒకరు కళ్లజోడు సవరించుకుని, "మరి పోయినేడు చేసింది ఎవరిదిరా అబ్బాయ్?" అన్నారు. అంతే. కీబోర్డు కుర్రాడి దగ్గర్నుంచి మైకు సెట్టు అతని దాకా తలా ఒక లెక్క. పాత ఫ్లెక్సీ దులిపి కట్టేశారని ఒకరు, అసలు శతజయంతి అంటే ఏడాదంతా చేస్తారని ఇంకొకరు. పాట మొదలవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నాకు ఆ ఇరవై నిమిషాల కోపం ఇంకా తగ్గలేదు.

సరే, పిల్లర్లు చూడండి.

[కెమెరా పిల్లర్ మీద నుంచి పైన స్లాబు మీదకి]

ఘంటసాల గారు పుట్టింది 1922 డిసెంబర్ 4. అక్కడ ఒక పిల్లర్ వేయండి. 1923 డిసెంబర్ 4న ఇంకోటి. ఈ రెండింటి మీద పరిచిన స్లాబు ఉంది చూశారా, అదీ ఏడాది. పిల్లర్ అంటే రోజు, స్లాబు అంటే సంవత్సరం. గొడవంతా ఎక్కడొస్తుందంటే, మనవాళ్లు స్లాబు నంబర్ తీసుకెళ్లి పిల్లర్ మీద రాసేస్తారు.

2021 డిసెంబర్ 4 నాటికి 99 స్లాబులు పూర్తయ్యాయి. ఆ రోజు నుంచి వందో స్లాబు మొదలు. అది 2022 డిసెంబర్ 4న పూర్తయింది. కాబట్టి శతజయంతి ఉత్సవాలు అని 2021లో మొదలుపెట్టిన వాళ్లు తప్పు చేయలేదు, వాళ్లు వందో స్లాబు మీద నడుస్తున్నారు. కానీ ఆ రోజే ఫ్లెక్సీ మీద ‘100వ జయంతి’ అని వేస్తే మాత్రం తప్పే. అది 99వ జయంతి. మీ పాపకి ఏడాది నిండినప్పుడు మొదటి పుట్టినరోజు అని కేక్ కోస్తారా, రెండోది అనా? పుట్టిన రోజు పిల్లర్ నంబర్ సున్నా అండి. ఒకటి కాదు.

నాకు ముచ్చటేసేది ఏంటంటే, ఈ తేడా మన మాటల్లోనే ఉంది. మా అమ్మమ్మ ఎప్పుడూ కలగాపులగం చేసేది కాదు. "వీడికి పదో ఏడు పడింది, పదేళ్లు నిండలేదు" అనేది. పడటం వేరు, నిండటం వేరు. షష్టిపూర్తిలో ‘పూర్తి’ ఎందుకు పెట్టారనుకున్నారు? ఇంత చక్కటి మాటలు పెట్టుకుని ఫ్లెక్సీ దగ్గర తడబడతాం.

తమిళనాడులో త్యాగరాజ స్వామి సమాధి ఉన్న తిరువయ్యారు వాళ్లని చూడండి. ఆయన సిద్ధి పొందిన తిథి నాడు ఏటా ఆరాధన చేస్తారు. త్యాగరాజ స్వామి సిద్ధి పొందింది 1847లో. 2026లో అక్కడ జరిగింది 179వ ఆరాధన. 2026లోంచి 1847 తీసేయండి, 179. సున్నా నుంచే లెక్క.

త్యాగరాజ స్వామి పేరెత్తాం కాబట్టి రెండో గొడవ. "ఆరాధన ప్రతి ఏడూ డేట్ మారుస్తారేంటి, ఒక తేదీ ఫిక్స్ చేసుకోవచ్చు కదా?" ఈ మాట నన్ను కనీసం పది మంది అడిగారు. అందులో ఇద్దరు కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నవాళ్లే!

మార్చడం కాదు బాబూ. పక్కపక్కనే రెండు ఫ్లైఓవర్లు ఊహించుకోండి. ఒకటి ఇంగ్లీషు క్యాలెండర్‌ది. పిల్లర్‌కీ పిల్లర్‌కీ మధ్య 365 రోజులు. రెండోది తిథులది. దాని మీద పన్నెండు చాంద్రమాన మాసాలు కలిపితే దాదాపు 354 రోజులే. ఆరాధన పిల్లర్లు ఈ రెండో దాని మీద ఉన్నాయి, స్వామి సిద్ధి పొందిన పుష్య బహుళ పంచమి దగ్గర. మనం మొదటి ఫ్లైఓవర్ మీద వెళ్తూ పక్కకి తిరిగి చూస్తే, ఆ పిల్లర్ ఏటా పదకొండు రోజులు ముందుకి జరిగినట్టు కనిపిస్తుంది. 2024లో జనవరి 30. 2025లో జనవరి 18. 2026లో జనవరి 7. వరసగా చూశారా?

ఇలా జరుగుతూ పోతే కొన్నేళ్లకి ఆరాధన దసరాకి రావాలి. ఎందుకు రాదు? రెండున్నర, మూడేళ్లకోసారి ఒక స్లాబు పొడుగ్గా పోస్తారు. అదే అధిక మాసం. 2023లో ఆరాధన జనవరి 11న. ఆ వేసవి దాటాక అధిక శ్రావణం వచ్చింది. దాంతో తరవాతి ఆరాధన జనవరి 30కి వెళ్లింది. మధ్యలో 384 రోజులు. పొడుగు స్లాబు.

ఇప్పుడు అసలు మజా. ఈ రెండు ఫ్లైఓవర్ల పిల్లర్లు పందొమ్మిదేళ్లకోసారి దాదాపు పక్కపక్కకి వస్తాయి. త్యాగరాజ స్వామి సిద్ధి పొందిన ఇంగ్లీషు తేదీ 1847 జనవరి 6. 2018లో ఆరాధన ఏ రోజు వచ్చింది? జనవరి 6! మధ్యలో 171 ఏళ్లు, అంటే తొమ్మిది పందొమ్మిదులు. ఇది తెలిసిన రోజు నేను క్యాలెండర్లు పరుచుకుని రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాను. ఇంట్లో తిట్లు వేరే సంగతి.

[కెమెరామన్ గొంతు: అన్నా, బ్యాటరీ పది పర్సెంట్]

అయ్యో. సరే, స్పీడుగా.

మన తిథుల వల్లే ఈ గందరగోళం, బయటి దేశాల వాళ్లకి లేదు అనేవాళ్లకి: జర్మన్ సంగీతకారుడు బాహ్ పుట్టింది 1685 మార్చి 21. కానీ వాళ్ల ఊళ్లో అప్పటికి పాత క్యాలెండర్. ఇప్పటి లెక్కకి మార్చి 31. అక్కడా రెండు ఫ్లైఓవర్లే. ఇంకో జర్మన్ సంగీతకారుడు బీథోవెన్‌కైతే పుట్టిన తేదీ కాగితమే లేదు. బాప్టిజం 1770 డిసెంబర్ 17న జరిగిందని ఉంది, దాన్ని బట్టి 16న పుట్టి ఉంటాడని అంటారు. ఆయనేమో తాను 1772లో పుట్టానని నమ్మాడట! 250వ జయంతికి ప్రపంచమంతా సిద్ధమైంది, అది 2020. కోవిడ్. పాపం.

మన రవీంద్రభారతి ఉందే, లక్డీకాపూల్ దగ్గర, అది నిజంగానే సిమెంటుతో కట్టిన శతజయంతి పిల్లర్. టాగోర్ పుట్టింది 1861, ఆయన పేరు మీద ఈ హాలు మొదలైంది 1961. ఆయన పుట్టినరోజు మనకి మే 7, బెంగాల్‌లో వాళ్ల క్యాలెండర్ ప్రకారం వైశాఖం 25, అది మే 8నో 9నో వస్తుంది. మళ్లీ అదే కథ.

ఒక్కోసారి పిల్లరే తప్పు చోట వేస్తాం. తెలుగు సినిమా పాట ఎప్పుడు పుట్టిందంటే, మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’తో. దాని విడుదల 1931 సెప్టెంబర్ 15 అని దశాబ్దాల పాటు చెప్పుకున్నాం. పత్రికా రచయిత రెంటాల జయదేవ పాత కాగితాలన్నీ తవ్వితే తేలింది ఏంటంటే, సెన్సార్ అయిందే 1932 జనవరిలో, బొంబాయిలో విడుదలైంది ఫిబ్రవరి 6న. అప్పటిదాకా చేసుకున్న వజ్రోత్సవాల సంగతి ఏం చేయాలో మీరే చెప్పండి.

చివరిది, మూడు పర్సెంట్ ఉంది. దయచేసి ‘వర్ధంతి శుభాకాంక్షలు’ అని పెట్టకండి. తెలుగులో వర్ధంతి అంటే చనిపోయిన రోజు. శృంగేరి మఠంలో మాత్రం పీఠాధిపతి స్వామివారి పుట్టినరోజునే వర్ధంతి అంటారు, అక్కడ శుభాకాంక్షలు చెప్పినా చెల్లుతుంది. మా కాలనీ శృంగేరి కాదు. ఫిబ్రవరి 11 ఘంటసాల గారి వర్ధంతికి ఫ్లెక్సీ అతను ఫోన్ చేసి, "సార్, నంబర్ మీరు చెప్పినట్టే వేశాను, కింద శుభాకాంక్షలు రెడ్‌లో వేయమంటారా, ఎల్లోలోనా?" అన—

[బ్యాటరీ అయిపోయి వీడియో ఆగిపోయింది]