వెనకవైపు కూడా వినండి

అందరికీ నమస్కారం.

నా చేతిలో ఉన్న ఈ పాటల ప్లేటు చూడండి. ఏడు అంగుళాలది. మధ్యలో బెజ్జం రూపాయి బిళ్ల కంటే పెద్దది, అడాప్టర్ పెడితే తప్ప మామూలు ప్లేయర్ మీద కూర్చోదు. లేబుల్ ఉత్త తెల్లకాగితం. పాట పేరు లేదు, పాడినవారి పేరు లేదు. దక్షిణ లండన్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఒక ఆదివారం సంతలో, తడిసిన అట్టపెట్టెలో దొరికింది. జమైకాలో అచ్చయిన రెగే ప్లేటు ఇది. రెగే అంటే ఆ దేశంలోనే పుట్టిన సంగీతం.

"ఆ పాటలన్నీ ఫోన్లో వస్తున్నాయి కదరా, ఇంటి నిండా ఈ ప్లేట్లెందుకు?" అని మా అన్నయ్య అడుగుతుంటాడు. అన్నీ రావు. వచ్చేవాటిలో కూడా చాలావాటికి మూలం ఇలాంటి ప్లేటే. జమైకా రాజధాని కింగ్‌స్టన్ స్టూడియోల్లో టేపు ఖరీదైన సరుకు. పాత పాట ఉన్న టేపు మీదే కొత్త పాట రికార్డు చేసేవారు. మిగిలిన టేపుల్లో కొన్ని పాడైపోయాయి, కొన్ని ఎటు పోయాయో తెలియదు. అందుకే పాత రెగేని మళ్లీ విడుదల చేసేవాళ్లు, గీతలు తక్కువగా ఉన్న ప్లేటు ఎవరి దగ్గరుందో వెతుక్కుని, దాన్నుంచే శబ్దం ఎక్కించుకుంటారు చాలాసార్లు. సేకరించేవాడి అలమారలో ఉన్నది ఒక దేశపు సంగీత భాండాగారంలో ముక్క. నేను ఈ పనిని ఇంత పట్టుదలగా చేయడానికి కారణం అదే.

ఇదంతా మొదలైంది వీధిలో. 1950లలో కింగ్‌స్టన్ పేటల్లో సొంతంగా రేడియోగ్రామ్, అంటే రేడియో, ప్లేయర్ కలిసిన పెట్టె, కొనుక్కునే స్థోమత చాలామందికి లేదు. అందుకని సౌండ్ సిస్టమ్‌లు వచ్చాయి. బీరువాలంత స్పీకర్లు, సొంతంగా కట్టిన యాంప్లిఫయర్, ఒక టర్న్‌టేబుల్. ఆరుబయట పెట్టి టికెట్ తీసుకుని ఆడించేవారు. మన ఊళ్లలో పెళ్లికి మైక్‌సెట్ పెట్టే మనిషి గుర్తొస్తాడు గానీ, ఇక్కడ పాటే పండగ, పెళ్లి అక్కర్లేదు. పోలీసు ఉద్యోగం చేసి, తర్వాత మద్యం దుకాణం నడిపిన డ్యూక్ రీడ్ ఒకవైపు, అందరూ కాక్సన్ అని పిలిచే క్లెమెంట్ డాడ్ ఇంకోవైపు. ఇద్దరి సౌండ్ సిస్టమ్‌లకీ గట్టి పోటీ. అమెరికా నుంచి తెచ్చిన మంచి పాట పేరు అవతలివాడికి తెలియకూడదని ప్లేటు మీద లేబుల్ గీకేసేవారు. తెల్ల లేబుళ్ల రహస్యం అంత పాతది.

అమెరికాలో ఆ తరహా, అంటే రిథమ్ అండ్ బ్లూస్ పాటలు తగ్గిపోయాక వీళ్లే సొంతంగా రికార్డు చేయడం మొదలుపెట్టారు. 1962 ఆగస్టు 6న జమైకాకి స్వాతంత్ర్యం వచ్చింది. మరుసటి ఏడాది కాక్సన్ బ్రెంట్‌ఫర్డ్ రోడ్డులో స్టూడియో వన్ తెరిచాడు. అప్పటి స్కా అనే వేగమైన డాన్సు సంగీతం, 1966 ప్రాంతంలో నెమ్మదించి రాక్‌స్టెడీ అయింది, 1968కి రెగే అయింది. దాని గురించి చాలామంది చెప్పారు, నేను తొందరగా దాటేస్తాను. నాకు ముఖ్యమైనది ప్లేటు వెనకవైపు.

1960ల చివర్లో స్పానిష్‌టౌన్‌లో రడ్డీ రెడ్‌వుడ్ అనే ఆయనకి ఒక సౌండ్ సిస్టమ్ ఉండేది. ఆయన కోసం పారగాన్స్ బృందం పాట ఒకటి డబ్‌ప్లేట్‌గా కోస్తుంటే, ఇంజనీరు గొంతు ట్రాక్ కలపడం మరిచిపోయాడట. డబ్‌ప్లేట్ అంటే అల్యూమినియం రేకు మీద మెత్తటి లక్క లాంటి పూత ఉన్న ప్లేటు. కొన్ని పదుల సార్లు వేస్తే అరిగిపోతుంది. రడ్డీ దాన్ని పారేయలేదు. ఆ రాత్రి ముందు పాట వేసి, వెంటనే గొంతు లేని ముక్క వేశాడు. జనమే పాట అందుకున్నారు. అప్పటినుంచి ప్లేటుకి ఒకవైపు పాట, రెండో వైపు దాని వాద్యం. దానికి 'వర్షన్' అని పేరు. రెండో వైపుకి వేరే పాట చేయించే ఖర్చు మిగలడంతో నిర్మాతలకి కూడా అది నచ్చింది.

ఆ వర్షన్‌ని డబ్‌గా, అంటే ఉన్న పాటలోంచి కొన్ని శబ్దాలు తీసేసి, ఎకో కలిపి చేసే కొత్త రూపంగా మార్చింది ఒక రిపేరు పని తెలిసిన మనిషి. ఆస్బర్న్ రడ్డాక్, లోకానికి కింగ్ టబ్బీ. 1941లో పుట్టాడు. రేడియోలు బాగుచేసేవాడు, ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవాడు, యాంప్లిఫయర్లు కట్టేవాడు. వాటర్‌హౌస్ పేటలో, డ్రొమిలీ అవెన్యూలోని తన ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టాడు. గాయకులు పాడడానికి స్నానాలగదిని సర్దిపెట్టాడు. ఇంకో స్టూడియో వదిలించుకున్న నాలుగు ట్రాక్‌ల మిక్సింగ్ బల్ల కొనితెచ్చాడు. దాని మీద ఒక పెద్ద గుండీ ఉండేది. అది తిప్పుతుంటే కింది శ్రుతుల శబ్దం మెట్టు మెట్టుగా తెగిపోయి, డప్పుల చప్పుడు పలచటి రేకు చప్పుడులా మారుతుంది. మళ్లీ వెనక్కి తిప్పగానే బేస్ నేలలోంచి లేచినట్టు వస్తుంది.

టబ్బీ చేతికి వచ్చేది ముందే రికార్డయిన పాట. ఆయన ఒక్క స్వరం కూడా వాయించడు. గిటార్‌ని దించేస్తాడు, గొంతుని ఒక్క మాట వరకు పైకి తెచ్చి ఎకోలోకి వదిలేస్తాడు. ఆ మాట తిరిగి తిరిగి సన్నబడి పోయేలోపు డ్రమ్ము, బేస్ మాత్రమే మిగులుతాయి. 1970ల మధ్యలో వచ్చిన 'కింగ్ టబ్బీస్ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్' అనే డబ్ వినండి. అసలు పాట జేకబ్ మిల్లర్ పాడిన ప్రేమపాట. అగస్టస్ పాబ్లో మెలోడికా (నోటితో ఊదుతూ మీటలు నొక్కే చిన్న వాద్యం), టబ్బీ మిక్సింగ్. బ్రిటన్‌లో చిన్న ప్లేటుగా వచ్చినప్పుడు ఈ డబ్ వెనకవైపే ఉంది. ఇవాళ ముందువైపు కంటే దానికే పేరు. తీసేయడం కూడా సంగీతం చేయడమే అని నాకు తెలిసింది ఈ ముక్క దగ్గరే.

1989 ఫిబ్రవరి 6న టబ్బీని ఆయన ఇంటి బయటే ఎవరో కాల్చి చంపారు. అంతటి మనిషి పని మనకి ఈ ప్లేట్ల వెనకవైపుల్లో మిగిలింది.

ఇక సేకరించాలనుకునేవాళ్లకి. జమైకా ప్లేట్లలో శుభ్రమైన శబ్దం కోసం ఆశపడకండి. పాత ప్లేట్లు కరిగించి కొత్తవి అచ్చువేసేవారు, బెజ్జం పక్కకి పోయేది, ఒక పాటకి ఇంకో పాట లేబుల్ అంటించేవారు. అందుకని లేబుల్‌ని నమ్మకండి. పాట అయిపోయాక లేబుల్‌కి ముందు ఖాళీగా నున్నటి చోటు ఉంటుంది. దీపం కింద వాలుగా పట్టుకుంటే అక్కడ చేత్తో గీసిన అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి. మ్యాట్రిక్స్ నంబర్ అంటారు. నిర్మాత పేరులో పొడి అక్షరాలు, పాట వరస అందులో ఉంటాయి. ఒకసారి నేను లేబుల్ రంగు చూసి, ఆత్రంగా నా నెల జీతంలో మంచి భాగమే పోసి ఒకటి కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే ఆ నంబర్ యంత్రంతో కొట్టినది. కొత్తగా అచ్చువేసిన ప్లేటుని పాతదని అమ్మారు. చాలా బాధపడ్డాను. అప్పటినుంచి డబ్బు తీసేముందు దీపం తీస్తాను.

హైదరాబాద్, విజయవాడ ఎండల్లో ప్లేట్లు వంకరపోతాయి. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. పైకప్పు వేడి తగలని గోడ వైపు పెట్టండి.

ప్రతి ప్లేటుకీ నేను నోట్‌బుక్‌లో ఒక పేజీ రాస్తాను. మ్యాట్రిక్స్ నంబర్, ఎక్కడ దొరికింది, ఏ గీత దగ్గర ముల్లు ఎగురుతుంది, వాయించిందెవరో చెవికి తెలిస్తే ఆ పేరు. లేబుల్ మీద వాద్యకారుల పేర్లు వేయలేదు కాబట్టి ఎవరో ఒకరు రాయాలి. ఈ తెల్ల లేబుల్ ప్లేటు పేజీలో ఇంకా నంబర్ ఒక్కటే ఉంది.

ప్లేయర్ ఆ మూల బల్ల మీద ఉంది. చేతులు పొడిగా ఉన్నవాళ్లు ముందు రండి. అంచులు మాత్రమే పట్టుకోండి, గాడుల మీద వేళ్లు పెట్టకండి. ముందువైపు నేను వేస్తాను, వెనక్కి మీరే తిప్పండి.