నడుముకు కట్టుకున్న తాడు

శ్రోతలందరికీ నమస్కారం.

1977లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో రిక్ హోయిట్ అనే 15 ఏళ్ల కుర్రాడు బాస్కెట్‌బాల్ ఆట చూడ్డానికి వెళ్లాడు. ప్రమాదంలో ఒళ్లు చచ్చుబడిపోయిన ఒక కాలేజీ ఆటగాడి కోసం 5 మైళ్ల పరుగు పెడుతున్నారని, వచ్చిన డబ్బు అతనికి ఇస్తారని అక్కడ తెలిసింది. ఇంటికొచ్చి వాళ్ల నాన్నతో ఒకటే మాట, ఆ అబ్బాయి కోసం నేనూ పరుగెత్తాలి అని.

ఆ మాట అన్న రిక్ నడవలేడు. చేతులు వాడలేడు. నోటితో మాట్లాడలేడు.

పుట్టేటప్పుడు బొడ్డుతాడు మెడకు చుట్టుకుని మెదడుకు ప్రాణవాయువు అందలేదు. సెరిబ్రల్ పాల్సీ వచ్చింది, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో లేకుండా పోయే స్థితి. వీడి మీద ఆశ పెట్టుకోకండి, ఎక్కడైనా ఆశ్రమంలో చేర్పించండి అన్నారు డాక్టర్లు. తల్లి జూడీ, తండ్రి డిక్ ఆ మాట వినలేదు. మనం గదిలో నడుస్తుంటే వీడి కళ్లు మన వెంటే తిరుగుతున్నాయి, వీడికి అన్నీ తెలుస్తున్నాయి అనుకున్నారు. తల్లి కూర్చోబెట్టి అక్షరాలు నేర్పింది. 1972లో టఫ్ట్స్ యూనివర్సిటీ ఇంజినీర్లు అతని కోసం ఒక కంప్యూటర్ తయారుచేశారు. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వెలుగుతూ పోతుంటాయి. కావలసిన అక్షరం రాగానే రిక్ తలతో పక్కనున్న స్విచ్ నొక్కాలి. ఒక్క మాట పూర్తి కావాలంటే ఎంత ఓపిక కావాలో ఆలోచించండి.

మొదట ఏమంటాడా అని ఇంట్లో అందరూ ఎదురుచూశారు. అమ్మా అంటాడనో, నాన్నా అంటాడనో అనుకున్నారు. 'గో బ్రూయిన్స్' అన్నాడు! బ్రూయిన్స్ అంటే బోస్టన్ ఐస్ హాకీ జట్టు. ఇన్నేళ్లూ నోరు విప్పని పిల్లవాడు అందరితోపాటు ఆటలు చూస్తూ, తన జట్టు గెలవాలని లోపల లోపలే కోరుకుంటున్నాడన్నమాట. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

సరే, పరుగు సంగతికి వద్దాం. డిక్‌కు అప్పటికి 40 ఏళ్లు దగ్గరపడుతున్నాయి, పరుగు అలవాటు లేదు. అయినా కొడుకును చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి 5 మైళ్లూ తోసుకుంటూ పరుగెత్తాడు. చివరి నుంచి రెండో స్థానం. ఆ తర్వాత కొన్ని రోజులు ఒళ్లంతా పచ్చిపుండే. ఇంటికి రాగానే రిక్ కంప్యూటర్ మీద చెప్పింది ఇది: పరుగెడుతున్నప్పుడు నాకు వైకల్యం ఉన్నట్టే అనిపించలేదు నాన్నా.

ఇక డిక్ ఆగలేదు. కొడుకు చదువుకునే వేళల్లో ఖాళీ కుర్చీలో సిమెంటు బస్తా పెట్టుకుని తోస్తూ సాధన చేసేవాడు. కొందరు ట్రయథ్లాన్ చెయ్యమన్నారు. ఈత కొట్టి, సైకిల్ తొక్కి, పరుగెత్తే పోటీ అది. డిక్‌కు ఈత రాదు, సైకిల్ ఎక్కింది చిన్నప్పుడెప్పుడో. రిక్‌తో కలిసైతేనే చేస్తానన్నాడు. చెరువు పక్కన ఇల్లు తీసుకుని ఈత నేర్చుకున్నాడు.

ఈ పోటీల్లో అన్నిటికంటే కఠినమైనదిగా పేరుపడ్డది ఐరన్‌మ్యాన్. 1978లో హవాయి దీవుల్లో మొదలైంది. ఆ మొదటిసారి 15 మంది బయల్దేరితే 12 మంది పూర్తిచేశారు. ముందు సముద్రంలో 3.8 కిలోమీటర్ల ఈత, అంటే మన ప్రకాశం బ్యారేజీ పొడవుకు మూడింతల పైమాటే. గట్టెక్కగానే 180 కిలోమీటర్ల సైకిల్. దిగగానే 42 కిలోమీటర్ల మారథాన్. మొత్తం 17 గంటల్లో అయిపోవాలి, ఈతకు మళ్లీ విడిగా గడువుంటుంది.

1988లో హోయిట్‌లు అక్కడికి వెళ్లారు. నీళ్లలో డిక్‌కు కడుపు పట్టేసింది, గడువు దాటిపోయింది. వెనక్కి వచ్చేశారు. మరుసటి ఏడాది మళ్లీ వెళ్లారు.

ఆ ఈత ఒక్కసారి ఊహించుకోండి. రిక్ చిన్న రబ్బరు పడవలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పడవకు కట్టిన తాడు రెండో కొస తండ్రి ఒంటికి బిగించి ఉంది. డిక్ చెయ్యి వేసినప్పుడల్లా తాడు బిగుస్తుంది, పడవ ముందుకు జరుగుతుంది. అల వచ్చిందంటే పడవ వెనక్కి లాగుతుంది. ఒడ్డుకు చేరగానే దాదాపు 50 కిలోల కొడుకును చేతుల్లో ఎత్తుకుని పరుగు, సైకిల్ ముందు అమర్చిన సీటులో కూర్చోబెట్టి బెల్టులు కట్టడం. నల్లటి లావా రాళ్ల మధ్య మండే రోడ్డు, ఎదురుగాలి. దారిలో ఆగి కొడుకు నోటికి తిండీ నీళ్లూ అందించడం. ఆపైన కుర్చీ తోస్తూ మారథాన్. 14 గంటల 26 నిమిషాలు పట్టింది. పూర్తిచేశారు.

పేరు కోసం కొడుకును ఎండలో ఈడుస్తున్నాడని డిక్‌ను తిట్టినవాళ్లూ ఉన్నారు. పరుగెత్తాలన్నది ఎవరి కోరికో వాళ్లు అడిగి తెలుసుకోలేదు. ఆ తండ్రీకొడుకులు వెయ్యికి పైగా పోటీల్లో పాల్గొన్నారు, వైకల్యం ఉన్నవాళ్ల కోసం సంస్థ పెట్టి నిధులు పోగుచేశారు. రిక్ 1993లో బోస్టన్ యూనివర్సిటీలో డిగ్రీ తీసుకున్నాడు. డిక్ 2021లో, రిక్ 2023లో కన్నుమూశారు. ఇంత పేరూ వచ్చిన ప్రయాణం మొదలైంది మాత్రం, ఎవరో ఇవ్వగా పుచ్చుకోవాల్సినవాడని లోకం అనుకున్న పిల్లవాడు, ఇంకొకరికి నేనేం ఇవ్వగలనని ఆలోచించిన రోజున.

నా చిన్నప్పుడు మా వీధిలోనూ రిక్ లాంటి అబ్బాయి ఒకడుండేవాడు. వాళ్లమ్మ సాయంత్రాలు అతన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టేది. మేం క్రికెట్ ఆడుతుంటే ఒక్కోసారి గట్టిగా అరిచేవాడు. పాపం అనుకుని బంతి తీసుకుని వచ్చేసేవాళ్లం. అతను ఎప్పుడెప్పుడు అరిచేవాడో, ఎవరు బ్యాటింగ్ చేస్తుంటే అరిచేవాడో, మాలో ఒక్కరమైనా ఆగి చూడలేదు.