మళ్లీ చదవడం మొదలుపెట్టేవాళ్లకి ఏ పుస్తకం ఇవ్వాలి?

తమ్ముడు: అందరికీ నమస్తే. పోయిన ఎపిసోడ్ తర్వాత చాలా వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి, ఎక్కువమంది అడిగింది ఒకటే, చిన్నప్పుడు బాగా చదివేవాళ్లం, ఉద్యోగం పెళ్లి పిల్లలు, పదేళ్లుగా తెలుగు పుస్తకం ముట్టుకోలేదు, ఇప్పుడు ఏది పట్టుకోవాలి అని. అక్కా, నువ్వే చెప్పాలి.

అక్క: ముందు ఏది పట్టుకోకూడదో చెప్తా. ఇలా ఎవరైనా అడగ్గానే మనవాళ్లు వేయిపడగలు చదువు అనేస్తారు. గొప్ప నవలే, నేను రెండుసార్లు చదివా, కానీ దగ్గర దగ్గర వెయ్యి పేజీలు రా అది. పదేళ్లు నడక మానేసిన మనిషిని తీసుకెళ్లి మోకాళ్ల పర్వతం ఎక్కమన్నట్టు ఉంటది.

తమ్ముడు: నాకు జరిగింది అదే. ఇంటర్ సెలవుల్లో తెలిసినాయన ఒకరు ఇచ్చారు, నూట యాభై పేజీల దగ్గర ఆగిపోయా, ఆగిపోయానని చెప్పడానికి మొహమాటం, ఆయన కనపడితే పక్క సందులోకి వెళ్లిపోయేవాణ్ణి. తర్వాత రెండేళ్లు తెలుగు సాహిత్యం మనకి కాదులే అనుకున్నా.

అక్క: అప్పుడు నీకు అమరావతి కథలు ఇచ్చుంటే ఆ రెండేళ్లు పోయేవి కాదురా. సత్యం శంకరమంచి గారు 1975 నుంచి 77 దాకా ఆంధ్రజ్యోతి వీక్లీలో వారం వారం రాశారు, మొత్తం 100 కథలు, బాపు బొమ్మలతో. వీక్లీలో పట్టాలి కాబట్టి చాలా కథలు మూడు నాలుగు పేజీలే ఉంటాయి. రాత్రి అన్నాలయ్యాక ఫోన్ వేరే గదిలో పెట్టేసి ఒక్కటి చదువు, ఇంకోటి చదవాలనిపించినా మూసెయ్. రేపు ఆ పుస్తకం దగ్గరికి నువ్వే వస్తావ్.

తమ్ముడు: మూసెయ్యడమెందుకు, ఊపులో ఉన్నప్పుడు నాలుగు చదివేస్తే పోలా? నేనైతే ఈ ఏడాది 40 పుస్తకాలు అని టార్గెట్ పెట్టుకున్నా, డైరీలో రాసుకుంటున్నా, 17 అయ్యాయి.

అక్క: అదే నాకు నచ్చదు. లెక్క మొదలైతే సన్న పుస్తకాలే చేతికొస్తాయి, పూర్తి చేయడం కోసం చదువుతాం. పోయిన నెల చదివినవాటిలో ఒకటి చెప్పమంటే నువ్వు డైరీ తీశావు, గుర్తుందా?

తమ్ముడు: తీశాను, నిజమే. కానీ ఆ లెక్క లేకపోతే నేను అసలు పుస్తకమే తెరవనక్కా, అందరికీ నీలాగా చిన్నప్పటి నుంచి అలవాటు ఉండదు కదా. లెక్క వల్లే నేను ఆదివారం పొద్దున్నే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతకడం మొదలుపెట్టా.

అక్క: సరే, అది ఒప్పుకుంటా. అబిడ్స్‌కి వెళ్లడం మానకు. ఇప్పుడు నేను చెప్పాలనుకున్న అసలు విషయం వేరే ఉంది, ఎవరికైనా పుస్తకం చెప్పే ముందు మీది ఏ ఊరు అని అడగాలి. మా ఆఫీసులో కరీంనగర్ అమ్మాయి ఒకామె, పుస్తకాల్లో తెలుగు మా ఇంట్లో తెలుగు కాదక్కా, చదువుతుంటే పరాయి ఇంట్లో కూర్చున్నట్టు ఉంటది అనేది. దాశరథి రంగాచార్య గారి చిల్లర దేవుళ్లు ఇచ్చా. నిజాం కాలం నాటి పల్లె, దొర, గడీ, అందులో మనుషులు తెలంగాణ తెలుగే మాట్లాడతారు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది, అచ్చం మా నానమ్మ మాట్లాడినట్టే ఉందక్కా అని. అంతే, ఆ తర్వాత ఇంకేం ఇవ్వాలి అని నేను ఆలోచించాల్సిన పని లేకపోయింది, ఆమే వెతుక్కుంటోంది.

తమ్ముడు: మా రూమ్మేట్‌ది చిత్తూరు వైపు. నామిని గారి పచ్చనాకు సాక్షిగా వాడికి ఇచ్చా, వాడు ఒక్కడే కూర్చుని చదువుకోలేదు, వీడియో కాల్ పెట్టి వాళ్లమ్మకి చదివి వినిపించాడు. ఆవిడ మధ్యలో ఆపి, ఆ మాట అట్లా కాదురా పలికేది అని సరిదిద్దుతుంటే, నేను పక్కన కూర్చుని ఒక గంట కదల్లేదు. ఆ యాస అచ్చులో చూస్తే నాకు సగం అర్థం కాలేదు, ఆవిడ నోట వింటే మొత్తం అర్థమైంది.

అక్క: చూశావా. నెల్లూరువాళ్లయితే ఖదీర్‌బాబు దర్గామిట్ట కథలు, విశాఖవాళ్లయితే కాలాతీత వ్యక్తులు. ఆ నవల గురించి కొంచెం మాట్లాడనీ. డాక్టర్ పి. శ్రీదేవి గారు రాశారు, తెలుగు స్వతంత్ర పత్రికలో సీరియల్‌గా వచ్చింది, ఆవిడ 1961లో పోయారు, చిన్న వయసులోనే. అందులో ఇందిర ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తుంది, తనకేం కావాలో తనకి తెలుసు, దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పదు. మొదటిసారి పందొమ్మిదేళ్లప్పుడు చదివి ఇందిర మీద కోపం వచ్చింది నాకు, అందులోనే ఇంకో అమ్మాయి కల్యాణి మంచిది, ఇందిర స్వార్థపరురాలు అనుకున్నా. నేను జీతం తెచ్చి ఇంట్లో ఇవ్వడం మొదలుపెట్టాక మళ్లీ చదివా. ఆ అమ్మాయి ఎంత అలిసిపోయిందో అప్పుడు కనపడింది. 1950ల్లో ఇలా రాశారంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

తమ్ముడు: బయటి దేశాల్లో ఉన్నవాళ్లు పుస్తకాలు దొరకట్లేదు అంటున్నారు.

అక్క: కథానిలయం వెబ్‌సైట్ చూడమను. కాళీపట్నం రామారావు మాస్టారు సాహిత్య అకాడమీ అవార్డు డబ్బులు పెట్టి 1997లో శ్రీకాకుళంలో కట్టిన లైబ్రరీ అది, తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక్కచోట ఉండాలని ఆయన పట్టుదల. పాత పత్రికల్లో కథలు చాలా స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. డల్లాస్‌లో కూర్చుని వాళ్ల తాతగారి కాలం కథ చదువుకోవచ్చు.

తమ్ముడు: సరే, నా డైరీలో 18వది ఏంటో చెప్పు మరి.

అక్క: కాలాతీత వ్యక్తులు. నా కాపీ ఇస్తా, పెన్సిల్ గీతలు ఉంటాయి, చెరపకు. పందొమ్మిదేళ్లప్పుడు ఇందిర పక్కన రాసుకున్న తిట్లు కూడా అందులోనే ఉన్నాయి. నువ్వు కూడా పక్కన రాయి, ఇద్దరివీ కలిపి వచ్చేవారం ఇక్కడే చదువుదాం.