బ్రేక్ పట్టుకునే గేర్ డౌన్ చేయడం: నేను ఇరుక్కుపోయిన ఒక్క స్టెప్పు

అందరికీ నమస్తే. మైక్ వస్తోందా? వస్తోంది. గాలి హోరు కొంచెం ఉంటుంది, సర్దుకోండి. భీమిలి వైపు ఒక లేఔట్‌లో ఉన్నాను. రోడ్లు వేశారు, రాళ్లు పాతారు, ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు. ఓనర్‌ని అడిగి గేటు తీయించుకున్నాం. ఇవాళ బైక్ మీద ముందు బ్రేక్ వదలకుండానే మలుపు ముందు గేర్ దించడం చూద్దాం. ముందే చెప్తున్నా గురూ, ఇది బీచ్ రోడ్డు మీద చేసే పని కాదు, కైలాసగిరి ఘాట్‌లో అసలే కాదు. మన వైజాగ్‌లో రేస్ ట్రాక్ లేదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై వెళ్లాల్సిందే. 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. ఇక్కడ చేతికి అలవాటు చేసుకుని, స్పీడు అక్కడ చూసుకుందాం.

అన్నట్టు, అక్కడికి బండిని రైల్లో పార్శిల్ వేసేవాళ్లు ట్యాంకులో పెట్రోలు మొత్తం తీసేయాలి, మర్చిపోకండి.

సరే. కార్నర్ ముందు ఏం చేస్తాం? ఎక్సలేటర్ మూస్తాం, బ్రేక్ పడతాం, క్లచ్ నొక్కుతాం, గేర్ దించుతాం, క్లచ్ వదులుతాం. ఇదంతా మీకు తెలుసు, స్క్రీన్ మీద కనిపిస్తోంది, ముందుకెళ్దాం.

క్లచ్ వదిలాక వెనక టైరు టకటకమని ఎగురుతుంది చూడండి, ఇదిగో, ఇక్కడ. మళ్లీ వేస్తాను. ఇదిగో. ఎందుకంటే చిన్న గేర్‌లో అదే స్పీడుకి ఇంజిన్ ఇంకా ఎక్కువ తిరగాలి. మనం తిప్పలేదు కాబట్టి వెనక చక్రం దాన్ని లాక్కెళ్లి తిప్పాలి. అప్పటికే బ్రేక్ వల్ల బరువంతా ముందుకెళ్లి, వెనక టైరుకి పట్టు తగ్గి ఉంటుంది. ఎగరక ఏం చేస్తుంది?

అందుకే క్లచ్ నొక్కి ఉన్నప్పుడు చిన్నగా ఒక రేజ్, అంటే ఎక్సలేటర్ చటుక్కున తిప్పి వదలడం. బ్లిప్ అంటారు. ఆరు నుంచి ఐదుకి బుల్లి రేజ్ చాలు. మూడు నుంచి రెండుకి ఇంకాస్త గట్టిగా కావాలి, ఎందుకంటే కింది గేర్ల మధ్య తేడా ఎక్కువ. అన్నిటికీ ఒకటే రేజ్ ఇచ్చేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

‘నా బండికి స్లిప్పర్ క్లచ్ ఉంది కదా’ అంటారు, అంటే వెనక చక్రం ఇంజిన్‌ని గట్టిగా లాగినప్పుడు కాస్త జారే క్లచ్. ఉండనీయండి, మంచిదే, తప్పు చేస్తే కాస్త కాపాడుతుంది. ఆటో బ్లిప్పర్, అంటే రేజ్ దానంతటదే ఇచ్చేది, ఉన్న బండైతే ఇంకా సుఖం. నాకు మాత్రం ముందు చేత్తో నేర్చుకోవడమే ఇష్టం.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడ ఆగండి. బ్రేక్ పట్టుకున్న చెయ్యి, రేజ్ ఇచ్చే చెయ్యి, రెండూ ఒకటే! కుడి చెయ్యే. రెండు వేళ్లు బ్రేక్ లివర్ మీద, మిగతా చెయ్యి ఎక్సలేటర్ మీద. మణికట్టు కిందికి దించి రేజ్ ఇస్తే ఏమవుతుంది? వేళ్లు కూడా దాంతోపాటు కదులుతాయి. బ్రేక్ ఒకసారి బిగుస్తుంది, ఒకసారి వదులవుతుంది. ముందు షాకర్లు పైకీ కిందికీ ఊగుతాయి. మొదటిసారి ట్రాక్‌కి వెళ్లినప్పుడు నాకు ఇదే జరిగింది. నేను గేర్ బాక్స్‌ని తిట్టుకున్నాను, టైర్లని తిట్టుకున్నాను. ఒక కార్నర్‌లో నేరుగా వెళ్లి మట్టిలో దిగాను. పడలేదు, పరువు మాత్రం పోయింది. ఇంటికొచ్చి వీడియో చూసుకుంటే, ప్రతి రేజ్‌కీ నా వేళ్లు లివర్‌ని పిండుతున్నాయి.

దగ్గరగా చూపిస్తాను. కెమెరా ఇటు. ఎక్సలేటర్‌ని కర్ర పట్టుకున్నట్టు పట్టుకోకండి. స్క్రూడ్రైవర్ పట్టుకున్నట్టు, కొంచెం బయటి అంచు నుంచి, ఏటవాలుగా. ఇలా. ఇప్పుడు మణికట్టు దిగదు, ముంజేయి తిరుగుతుంది. లివర్ మీద వేళ్ల కొసలే ఉండాలి, అవి లివర్ మీద జారాలి. జారాలి, లాగకూడదు. మళ్లీ చూడండి. జారుతున్నాయి. లివర్ కదల్లేదు.

ఇంజిన్ ఆపి, ఫోన్ లివర్ పక్కన పెట్టి స్లో మోషన్‌లో తీయండి. లివర్ కొసకీ గ్రిప్‌కీ మధ్య సందు మారకూడదు. నేను టీవీ చూస్తూ బండి మీద కూర్చుని... లేదు, బండి ఇంట్లోకి తేలేదు, ఫోన్లో క్రికెట్ పెట్టుకుని పార్కింగ్‌లోనే చేశాను. వాచ్‌మన్ నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు.

ఒక చిన్న చిట్కా. మన ఊరి ఉప్పుగాలికి లివర్ బోల్టు తుప్పు పట్టి బిగుసుకుంటుంది. పానా పెట్టి విప్పి, తుడిచి, కాస్త గ్రీజు రాయండి. నాది ఎంత బిగుసుకుందంటే, వదిలినా లివర్ మెల్లగా వెనక్కి వచ్చేది! ఎక్సలేటర్ కేబుల్‌లో లూజు ఎక్కువున్నా తగ్గించండి, లేకపోతే సగం రేజ్ గాల్లోనే పోతుంది. మొత్తం బిగించేయకండి, హ్యాండిల్ తిప్పితే దానంతటదే రేజ్ అవుతుంది.

తర్వాత మూడో గేర్‌లో నలభై స్పీడు, తేలిగ్గా బ్రేక్, రేజ్, రెండో గేర్. బ్రేక్ మాత్రం అలాగే ఉండాలి. మీ తల ముందుకి ఊగిందా? అయితే వేళ్లు పిండుతున్నట్టే.

కార్నర్ ఎంట్రీ తొందరగా చెప్పేస్తా. గేర్లన్నీ బండి నిటారుగా ఉన్నప్పుడే అయిపోవాలి, ఒక్కొక్కటిగా. ఒకటి మిగిలిపోతే వదిలేయండి, వంగాక కెలకొద్దు. చూపు మలుపు లోపలికి. వంచేకొద్దీ బ్రేక్ మెల్లమెల్లగా వదలండి, ఒక్కసారిగా కాదు. టైరుకున్న పట్టు అంతా కలిపి ఒకటే, వంపు ఎక్కువ అడిగితే బ్రేక్ తక్కువ అడగాలి. ఒక్కసారిగా వదిలేస్తే షాకర్లు లేచిపోతాయి, బండి మలుపు బయటికి పోతుంది.

ఇప్పుడు రెండు రౌండ్లు కొడతాను. నేనేం మాట్లాడను. ముందు షాకర్లనే చూడండి.