గింబల్ ఉన్నా వీడియో ఎందుకు ఎగురుతోంది?

[లాల్‌బాగ్. చెట్ల నీడలో దారి. చేతిలో గింబల్.]

అందరికీ నమస్కారం. మనం బెంగళూరు లాల్‌బాగ్‌లో ఉన్నాం. పోయిన నెల మా అమ్మ హిందూపురం నుంచి వచ్చినప్పుడు ఇదే దారిలో ఆమె వెనకాలే నడుస్తూ కొత్త గింబల్‌తో, అంటే ఫోన్‌ని ఒరగకుండా పట్టుకునే మోటార్ల పిడితో, వీడియో తీశాను. ఇంటికెళ్లి టీవీలో పెడితే ఇలా ఉంది.

[పాత వీడియో: అమ్మ వీపు, చెట్లు పైకీ కిందికీ ఎగురుతున్నాయి.]

ఫ్రేమ్ పక్కకు ఒరగడం లేదు, చూడండి. కానీ అడుగు పడినప్పుడల్లా ఎగిరి పడుతోంది.

[గింబల్ దగ్గరగా. మోటార్లను వేలితో చూపిస్తూ.]

ఇందులో మోటార్లు మూడు. చెయ్యి ఎటు తిరిగిందో సెన్సర్ కనిపెట్టగానే, మోటారు ఫోన్‌ని అంతే మేర ఎదురు తిప్పుతుంది. పక్కకు తిరిగితే ఒకటి, పైకో కిందికో వంగితే ఒకటి, ఓరగా ఒరిగితే ఇంకొకటి. మూడూ ఆపేది తిప్పుడునే. అడుగేసినప్పుడు మాత్రం చేతితో పాటు గింబల్ మొత్తం పైకి లేచి దిగుతుంది. మామూలు గింబల్‌లో దాన్ని ఆపే మోటారు లేదు. 1970ల్లో గారెట్ బ్రౌన్ తయారు చేసిన స్టెడీకామ్ అనే సినిమా కెమెరా పరికరంలో ఆపరేటర్ ఒంటికి కట్టుకునే జాకెట్‌కి స్ప్రింగుల చెయ్యి ఉండేది. ఆ కుదుపును మింగేది ఆ స్ప్రింగులే. మన దగ్గర ఆ స్ప్రింగులు మోకాళ్లే.

ఇది నాకు అర్థమయ్యేలా చెప్పింది అమ్మే. వీడియో చూసి, "బిందె మోసేటప్పుడు ఇట్లా నడిస్తే సగం నీళ్లు దోవలోనే పోతాయి నాయనా" అంది. తర్వాత హాల్లో నడిచి చూపించింది.

[నడిచి చూపిస్తూ. కెమెరా కాళ్ల మీద.]

మోకాళ్లు కొంచెం వంచండి. మడమ ముందు ఆనాలి, పాదం మెల్లగా వేళ్ల దాకా వాలాలి. అడుగులు చిన్నవిగా వేయండి. మోచేతులు ఒంటికి దగ్గరగా, గింబల్ రెండు చేతుల్లో. నడుము పైన ఏమీ కదలకూడదు. మొదటి రోజు తొడలు లాగేస్తాయి, భయపడకండి.

గింబల్ ఆన్ చేయకముందే ఫోన్ బిగించి, వదిలేస్తే ఒక పక్కకు వాలకుండా సర్దండి. వాలుతుంటే మోటార్లు ఊరికే కష్టపడి వేడెక్కుతాయి, బ్యాటరీ త్వరగా అయిపోతుంది.

సాయంత్రం వెలుతురు తగ్గితే నడక మానేయండి. షటర్ నెమ్మదిస్తుంది, అంటే ఒక్కో ఫ్రేమ్‌కి ఫోన్ ఎక్కువసేపు వెలుతురు తీసుకుంటుంది. అందుకే ఎంత జాగ్రత్తగా నడిచినా బొమ్మ మసకబారుతుంది. ఒకచోట నిలబడి మెల్లగా తిప్పుతూ తీయండి.

[కెంపేగౌడ గోపురం ఉన్న బండ.]

ఈ బండ వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. ఏటవాలుగా ఉంటుంది కాబట్టి ఇక్కడ కాలు చూసుకుని వేయాలి. అమ్మ ముందు ఎక్కుతోంది, నేను వెనకాల వెళ్తున్నాను. ఎడిటింగ్‌లో ఏమీ సరిచేయలేదు. తీసింది తీసినట్టే చూడండి.

[కొత్త వీడియో. మాటలు లేవు. అమ్మ బండ ఎక్కి, పైన ఆగి, వెనక్కి తిరిగి చూస్తుంది.]