మాస్కో వీధి పేరు మారింది, మా లిఫ్టులో మాటలూ మారాయి | రీగా నుంచి ఒక రోజు

హాయ్ అండీ, అందరికీ నమస్తే. ఇవాళ మే 9, 2025, శుక్రవారం. నేను సెలవు పెట్టుకుని బజారుకి బయల్దేరాను. పొద్దున్న తొమ్మిదవుతోంది, ఎండ బాగానే ఉంది కానీ జాకెట్ లేకుండా బయటికి రాలేం. కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం చెప్తాను: మాది గాజువాక. ఆరేళ్ళుగా లాట్వియాలో ఉంటున్నాం. రాజధాని రీగా ఊరి చివర, దౌగవా నది ఒడ్డున కెంగరాగ్స్ అనే పేట మాది. ఈ దేశం మొత్తం జనాభా మన వైజాగ్ నగరానికి అటూ ఇటూగా ఉంటుంది.

ఇదిగో ఏడో నంబరు ట్రామ్ వచ్చింది, ఎక్కేస్తున్నాను. అక్కడ గోడ మీద వీధి పేరు కనిపిస్తోందా? "లాట్గలెస్ ఇయెల." ఇయెల అంటే వీధి. నేను 2019లో దిగినప్పుడు ఇదే వీధి పేరు "మస్కవాస్ ఇయెల", అంటే మాస్కో వీధి. 2024లో కార్పొరేషన్ వాళ్ళు తీర్మానం చేసి మార్చారు. నాన్న ఏటా ఆవకాయ పార్సిల్ పంపిస్తారు కదా, కొత్త అడ్రస్ చెప్పడానికి ఫోన్ చేస్తే ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మాస్కో పేరు ఎందుకు తీసేశారమ్మా? వాళ్ళేం చేశారు వీళ్ళని?" అన్నారు.

నాన్న స్టీల్ ప్లాంటులో ముప్పై ఏళ్ళు చేశారు. సోవియట్ సాయంతో కట్టిన ప్లాంటు అది. మా ఇంట్లో అల్మారా నిండా విశాలాంధ్రలో కొన్న తెలుగు సోవియట్ పుస్తకాలే, నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. నాకు అక్షరాలు వచ్చిందే వాటితో. మా ఇంట్లో ఆ దేశమంతటికీ ఒకటే పేరు, రష్యా. ప్లాంటు కట్టడానికి వచ్చిన ఇంజనీర్లంతా "రష్యావాళ్ళు". వాళ్ళలో ఉక్రెయిన్ వాళ్ళు ఎంతమందో, లాట్వియా వాళ్ళు ఒకరైనా ఉన్నారో మేము ఎప్పుడూ అడగలేదు. నాన్న అడిగిన ప్రశ్నకి ఫోన్లో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఈ వీడియోలో చెప్పాలని ఉంది.

బజారు వచ్చేసింది. ఆ గుండ్రటి కప్పులు చూడండి, ఐదు పెద్ద షెడ్లు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి జెప్లిన్ గాలి ఓడల షెడ్ల భాగాలు తెచ్చి కట్టారు. 1930 నుంచి ఇక్కడ బజారు నడుస్తోంది. ఒక షెడ్డులో చేపలు, ఒక దాంట్లో పాలు, పెరుగు, ఇంకో దాంట్లో మాంసం. నాకు కావాల్సింది మాత్రం బయట వరసలో ఉంది.

చూశారా, ఈ కట్ట! మన చుక్కకూరకి అక్కచెల్లెలు లాంటిది. ఆకు కొంచెం పొడుగు, పులుపు మాత్రం అదే పులుపు. ఏప్రిల్ చివర్లో వస్తుంది, మే అంతా ఉంటుంది. మేము పప్పులో వేసుకుంటాం. లాట్వియన్లు దీన్ని "స్కాబెనెస్" అంటారు, పులుసు లాంటి సూప్ చేస్తారు. రష్యన్లు "ష్చవేల్" అంటారు, వాళ్ళదీ ఒక పచ్చ సూప్ ఉంది. ఉక్రెయిన్ వాళ్ళు దీనితో పచ్చ బోర్ష్ అనే సూప్ చేస్తారు, పైన ఉడికించిన గుడ్డు కోసి వేస్తారు. నాలుగు ఇళ్ళలో నాలుగు గిన్నెలు, ఆకు ఒకటే.

ఈ కొట్టు ఆవిడతో నేను మొదటి మూడేళ్ళు రష్యన్‌లోనే మాట్లాడేదాన్ని. రీగాలో మూడో వంతు మంది రష్యన్లే, బజారులో అయితే ఇంకా ఎక్కువ. "స్కోల్కా?" అంటే ఎంత, "స్పసీబా" అంటే థ్యాంక్స్. నాకు లాట్వియన్ కంటే ముందు వచ్చిన మాటలు అవే. ఇప్పుడు లాట్వియన్‌లో "లబ్దియెన్", అంటే నమస్తే, అని మొదలుపెట్టి, "పాల్దియెస్", అంటే థ్యాంక్స్, అని ముగిస్తాను. ఆవిడ రష్యన్ ఆవిడే, ఆవిడ కూడా లాట్వియన్‌లోనే జవాబిస్తుంది. ఇద్దరికీ రష్యన్ తేలిక. అయినా ఇద్దరం కష్టపడతాం. ఎందుకో చెప్తాను, పదండి, తిరుగు ట్రామ్ ఎక్కుదాం.

మా మెట్ల దారిలో, అంటే మేము ఎక్కే లిఫ్టుకి చెందిన ఇళ్ళలో, నాకు బాగా దగ్గరైన వాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళ పేర్లు, ముఖాలు వీడియోలో పెట్టను, వాళ్ళకి ఇష్టం లేదు.

మూడో అంతస్తులో ఒక బామ్మగారు. రష్యన్. పుట్టింది రష్యాలో ప్స్కోవ్ దగ్గర పల్లెలో, 1951లో. ఇరవయ్యొకటో ఏట ఇక్కడి వీఈఎఫ్ రేడియో ఫ్యాక్టరీలో పనికి వచ్చారు. అప్పుడు అంతా ఒకే దేశం, పాస్‌పోర్టు అక్కర్లేదు. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక ఆవిడకి ఏ దేశం పౌరసత్వమూ లేదు. ఇక్కడ వాళ్ళని "నెపిల్సోని" అంటారు, పౌరులు కానివాళ్ళు. ఈ రోజుకీ జనాభాలో దాదాపు పదో వంతు అలాగే ఉన్నారు. పింఛను ముందుగా వస్తుందని ఆవిడ రష్యా పౌరసత్వం తీసుకున్నారు. అలా తీసుకున్నవాళ్ళు చాలామంది. రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగాక, 2022లో చట్టం మార్చి, అలాంటివాళ్ళు దేశంలో ఉండాలంటే లాట్వియన్ భాషలో ఏ2, అంటే రోజువారీ మాటలకి సరిపడే స్థాయి, పరీక్ష పాసవ్వాలన్నారు. 75 ఏళ్ళ లోపు అందరూ. దాదాపు 25,000 మందికి ఆ కబురు వచ్చింది.

నాకూ శాశ్వత నివాసానికి అదే పరీక్ష. అలా మేమిద్దరం ఒకే సాయంత్రం క్లాసులో, ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఆవిడ ఈ ఊళ్ళో యాభై ఏళ్ళు, నేను నాలుగేళ్ళు. ఆవిడ చేతులు చూడాలి మీరు, రేడియో తీగలు అతికిన చేతులు, ఇంకా గట్టిగా ఉంటాయి. పెన్ను పట్టుకుంటే మాత్రం వణికేవి. మొదటిసారి రాతపరీక్షలో తప్పారు. ఆ రాత్రి మా వంటింట్లో కూర్చుని "నన్ను ఎక్కడికి పంపిస్తారు? నాకు అక్కడ ఎవరున్నారు?" అని ఏడ్చారు. రెండోసారి పాసయ్యారు. ఆ సర్టిఫికెట్ ఇప్పుడు ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించి ఉంది, నేను రోజూ చూస్తాను.

ఇక్కడ ఆగితే లాట్వియన్లు చెడ్డవాళ్ళు అనిపిస్తుంది. మా టీచర్ గురించి కూడా వినండి. ఆవిడకి రష్యన్ మనకి తెలుగు వచ్చినట్టు వస్తుంది, బడిలో తప్పనిసరిగా నేర్పారు. అయినా క్లాసులో ఎవరు రష్యన్‌లో అడిగినా, నిదానంగా, ఒక్కో మాట విడదీసి, లాట్వియన్‌లోనే చెప్తుంది. ఒకసారి టీ విరామంలో నాకు చెప్పింది. 1949 మార్చి 25న సోవియట్ అధికారులు వాళ్ళ అమ్మమ్మని ఇంట్లోంచి లారీ ఎక్కించి సైబీరియా పంపేశారు. ఆ కొద్ది రోజుల్లో ఈ చిన్న దేశం నుంచి 42,000 మందికి పైగా అలా పోయారు, ఎక్కువ మంది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. 1940లో ఆక్రమించుకున్న సోవియట్ సైన్యంలో చివరి దళాలు ఈ నేల వదిలింది 1994 ఆగస్టు 31న. మీరు లెక్క వేసుకోండి, నేను అప్పటికే బడికి వెళ్తున్నాను. వీళ్ళకి అది పాత చరిత్ర ఎలా అవుతుంది? పక్క ఊరిని మళ్ళీ కాలుస్తుంటే తర్వాత మన ఇల్లే అనుకోరా? నాటోలో ఎందుకు చేరారు, కెనడా సైనికులు ఇక్కడ ఆదాజీ సైనిక శిబిరంలో ఎందుకు ఉన్నారు అని మనవాళ్ళు నన్ను అడుగుతుంటారు. ఆ లారీని చూసినవాళ్ళ మనవరాళ్ళని అడగాలి ఆ మాట.

ఇప్పుడు ఐదో అంతస్తు అమ్మాయి. ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నుంచి, 2022 ఏప్రిల్‌లో కొడుకుని తీసుకుని వచ్చింది, ఒక బ్యాగుతో. ఖార్కివ్ రష్యా సరిహద్దుకి ముప్పై నలభై కిలోమీటర్లే. అందులో సాల్తివ్కా అనే పేట వీళ్ళది, యుద్ధం మొదట్లో బాగా దెబ్బతిన్న పేట. వచ్చిన రోజు మా లిఫ్టు ముందు నిలబడిపోయింది. తలుపు రంగు, బటన్లు, పోస్టు డబ్బాల వరస, మెట్ల రెయిలింగు, అన్నీ సోవియట్ కాలం కట్టడాలు కదా, అచ్చం వాళ్ళ ఇంట్లో లాగే ఉన్నాయట. "మా ఇంటికే వచ్చినట్టుంది, కానీ దీనికి గోడలున్నాయి" అంది.

ఆ అమ్మాయి మాతృభాష రష్యన్. ఖార్కివ్‌లో చాలామందికి అంతే. అందుకే మొదట్లో బామ్మగారూ ఆ అమ్మాయీ తల్లీకూతుళ్ళలా ఉండేవాళ్ళు. బామ్మగారు పిల్లాడికి కోట్లు, బూట్లు తెచ్చిచ్చారు. నెల తిరక్కుండా ఒకరోజు మా వంటింట్లోనే జరిగింది. ఆ అమ్మాయి ఫోన్లో వాళ్ళ బిల్డింగ్ ఫోటో చూపించింది, తొమ్మిదో అంతస్తులో పెద్ద కన్నం, లోపల వేలాడుతున్న కర్టెన్. బామ్మగారు కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. "మీ సైన్యమే కాల్చి ఉంటుంది, టీవీలో చెప్పారు" అన్నారు. దశాబ్దాలుగా ఆవిడ చూసింది మాస్కో ఛానెళ్ళే. ఆ అమ్మాయి అరవలేదు. ఫోన్ తీసుకుంది, పిల్లాడిని ఎత్తుకుంది, మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి రష్యన్ మాట్లాడటం మానేసింది. ఇంట్లో కొడుకుతో కూడా ఉక్రెయిన్ భాషే. తను పుట్టినప్పటి నుంచి పలికిన భాష మాత్రం రష్యన్. లాలిపాట దగ్గర మాటలు వెతుక్కోవాల్సి వస్తోందని నాకు ఒకసారి చెప్పింది. ఒక తల్లి తన నోట్లోంచి అమ్మభాషని తనే తీసి పక్కన పెట్టాల్సి వచ్చిందంటే, ఆ యుద్ధం ఏం చేసిందో నాకు అర్థమైంది. వాళ్ళ అక్క కూతురు ఇప్పటికీ ఖార్కివ్‌లోనే ఉంది, మెట్రో స్టేషన్ లోపల పెట్టిన క్లాసులో చదువుకుంటోంది.

నేనూ ఒక తప్పు చేశాను. మొదటి ఏడాది ఆ అమ్మాయి బోర్ష్ తెచ్చిస్తే, మా ఆయనతో "రష్యన్ సూప్ భలే ఉంది" అన్నాను, ఆ అమ్మాయి ముందే. "ఇది మాది" అంది నెమ్మదిగా. 2022 జూలై 1న యునెస్కో వాళ్ళు ఉక్రెయిన్ బోర్ష్ వంటని వెంటనే కాపాడుకోవాల్సిన సంప్రదాయాల జాబితాలో చేర్చారు. మన గోంగూర పచ్చడిని ఎవరో తమదంటే మనం ఊరుకుంటామా? నాన్నా, మనం ఎన్నేళ్ళు అందరినీ కలిపి "రష్యావాళ్ళు" అన్నామో కదా.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆఫీసులో నన్ను అడుగుతుంటారు, మీ దేశం రష్యా చమురు ఎందుకు కొంటుంది అని. 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితిలో ఓటింగ్ జరిగినప్పుడు 141 దేశాలు రష్యా సైన్యం వెనక్కి పోవాలన్నాయి, 5 వద్దన్నాయి, 35 ఎటూ చెప్పలేదు. ఆ 35లో మనం ఉన్నాం. ఇటు మన ఫ్యామిలీ గ్రూపులో చూస్తే, 1971లో పాకిస్తాన్‌తో యుద్ధంలో మనకి అండగా నిలబడింది వాళ్ళే అని బాబాయ్‌లు రాస్తారు. అది నిజమే, నాన్న కృతజ్ఞత కూడా నిజమే. కానీ ఆ సోవియట్ యూనియన్లో ఖార్కివ్ కూడా ఉంది, రీగా కూడా ఉంది. మన ప్లాంటు కట్టిన చేతుల్లో ఆ అమ్మాయి తాతలవీ ఉండొచ్చు. కృతజ్ఞత చూపించాలంటే వాళ్ళకీ చూపించాలి కదా. ఇంకొకరి ఇంటి మీద బాంబు వేసినవాడిది తప్పు. నేను ఇక్కడ ఆరేళ్ళు ఉండి చెప్తున్న మాట ఇది. మూడో అంతస్తు బామ్మగారు ఆ బాంబు వేయలేదు. అది కూడా అంతే గట్టిగా చెప్తాను.

ట్రామ్ దిగాను. అదుగో బామ్మగారు, చేతిలో ఎర్ర ట్యులిప్ పూలు. కెమెరా నేలకి తిప్పేస్తున్నాను, మాటలు వినండి చాలు.

మే 9 ఆవిడకి పెద్ద రోజు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలని ఓడించిన రోజు. వాళ్ళ నాన్న ఆ యుద్ధం నుంచి ఒక కాలు లేకుండా వచ్చారు. ఏటా నది అవతల పార్కులో 79 మీటర్ల విజయ స్తంభం దగ్గర పూలు పెట్టేవారు. లాట్వియన్లకి అదే స్తంభం ఆక్రమణ గుర్తు. 2022 మే 9న జనం పూలు పెట్టారు, మర్నాడు ట్రాక్టరుతో ఎత్తేశారు, పెద్ద గొడవైంది. ఆ ఆగస్టు 25న స్తంభాన్నే కూల్చేశారు, ముందున్న చెరువులో పడింది, అందరూ లైవ్‌లో చూశారు. బామ్మగారు ఆ రోజు టీవీ పెట్టలేదు. ఇప్పుడు ఆ పూలు ఇంట్లో నాన్నగారి ఫోటో దగ్గర పెట్టుకుంటారు.

లిఫ్టు దగ్గరికి వచ్చాం. ఐదో అంతస్తు అమ్మాయి కూడా వచ్చింది, సంచిలోంచి ఈ పుల్లటి ఆకు కట్టే పైకి కనిపిస్తోంది. ముగ్గురం ఎక్కాం. ఆ అమ్మాయి పూల వంక చూసింది, పక్కకి చూపు తిప్పుకుంది. బామ్మగారు పూలని కోటు వైపుకి తిప్పి పట్టుకున్నారు. బటన్ల దగ్గర నిలబడింది ఆవిడే.

"కురా స్తావా?" అని అడిగారు. ఎన్నో అంతస్తు అని, లాట్వియన్‌లో, ఏ2 పుస్తకంలో ఉన్నట్టు ఒక్కో అక్షరం పలికి.

"పియెక్తయా. పాల్దియెస్." ఐదోది, థ్యాంక్స్.

మూడేళ్ళుగా ఆ అమ్మాయి ఉండేది ఐదో అంతస్తులోనే. బామ్మగారు ఐదు నొక్కారు, తర్వాత తన మూడు నొక్కారు.